తుపాను బాధిత రైతులకు పెట్టుబడి రాయితీ: విశాఖ జిల్లా అనుభవం

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళ స్థావరం పేరిట విశాఖపట్నానికి దేశవ్యాప్త గుర్తింపు ఉంది. అయితే 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేంత వరకు విశాఖ జిల్లా ప్రధానంగా వ్యవసాయ జిల్లాయే. తీర మండలాలలో వరి, కొబ్బరి, జీడిమామిడి, మైదాన మండలాలలో చెరకు, పాడేరు ఏజెన్సీలో కాఫీ, మిరియాలు ఈ జిల్లా రైతుల జీవనాధారం. పునర్విభజన అనంతరం ఆ సాగు భూమిలో అధిక భాగం అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలలో చేరింది. ప్రకృతి వైపరీత్యం సంభవించినపుడు నగరంలో కూలిన స్తంభాలు, విరిగిన చెట్లు, ఎగిరిపోయిన పైకప్పులు వెంటనే కంటికి కనిపిస్తాయి. పొలంలో జరిగిన నష్టం నీరు తీసిన తర్వాత గాని తెలియదు. ఆ నష్టాన్ని ఎవరు లెక్కిస్తారు, ఎంత చెల్లిస్తారు, ఎవరికి చెల్లిస్తారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానంగా రూపొందినదే పెట్టుబడి రాయితీ విధానం. వ్యవహారంలో దీనిని ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు. విశాఖ జిల్లాకు ఈ విధానంలోని బలాన్ని, పరిమితులను ఒకేసారి తెలియజెప్పిన సంఘటన 2014 నాటి హుద్‌హుద్ తుపాను.

హుద్‌హుద్: అక్టోబరు 12, 2014

ఉత్తర అండమాన్ సముద్రంలో ఏర్పడిన అల్పపీడనం క్రమంగా బలపడి అతి తీవ్ర తుపానుగా మారి 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్న సమయంలో విశాఖపట్నం వద్దనే తీరం దాటింది. ఒమన్ దేశం సూచించిన ఈ పేరు ఒక పక్షి పేరు. తెలుగులో ఆ పక్షిని కూకుడుగువ్వ అంటారు. తీరం దాటిన సమయంలో గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో గాలులు వీచాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతిన్నది. కైలాసగిరిపై గల డాప్లర్ రాడారు దెబ్బతిన్నది. విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు స్తంభించాయి. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది. ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ అక్టోబరు 14న విశాఖపట్నం చేరుకుని పరిస్థితిని సమీక్షించి, తక్షణ సహాయంగా రూ.1,000 కోట్లు ప్రకటించారు. ముఖ్యమంత్రి శ్రీ ఎన్.చంద్రబాబు నాయుడు నగరంలోనే ఉండి సహాయ కార్యక్రమాలను పర్యవేక్షించారు. విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం, విజయనగరం, తూర్పు గోదావరి జిల్లాలు కూడా నష్టపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి సమర్పించిన అంచనాలో మొత్తం నష్టాన్ని రూ.21,908 కోట్లుగా చూపింది.

వ్యవసాయం విషయానికి వస్తే, తుపాను వచ్చిన కాలమే రైతుకు ప్రతికూలమైనది. అక్టోబరు రెండవ వారానికి ఖరీఫ్ వరి పొట్ట దశలోను, ఈనిక దశలోను ఉంటుంది. ఆ దశలో గాలికి పైరు పడిపోయినా, నీటిలో నానినా గింజ పాలు పోసుకోదు. పొలం దూరం నుండి పచ్చగానే కనిపిస్తుంది గాని కోత నాటికి తాలు మిగులుతుంది. చెరకు నిలువెత్తు పెరిగి ఉంటుంది. గానుగాట ప్రారంభానికి కొద్ది వారాల ముందు తోట ఒరిగిపోతే గడ నేలను తాకి వేర్లు, పిలకలు వేస్తుంది. రసంలో చక్కెర శాతం తగ్గుతుంది. కోత కూలి పెరుగుతుంది. నాటి జిల్లాలో గోవాడ, తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర కర్మాగారాలు ఉండేవి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరొందినది. అందువల్ల చెరకు నష్టం ఒక్క రైతుతో ఆగక గానుగల వద్ద పనిచేసే కూలీల వరకు విస్తరించింది.

తోటల నష్టం స్వభావం వేరు. వరి పోతే ఒక పంట పోయినట్లు. కొబ్బరి చెట్టు కూలితే తిరిగి నాటిన మొక్క కాపుకు రావడానికి 5 నుండి 7 సంవత్సరాలు పడుతుంది. జీడిమామిడి 3, 4 ఏళ్లకు గాని కాపు పట్టదు. ఏజెన్సీలో కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు గాలికి విరిగి కాఫీ మొక్కలపైనే పడినాయి. కాఫీ పండ్ల కోత నవంబరు తర్వాత ప్రారంభమవుతుంది కనుక పండ్లు కాయదశలో ఉండగానే నష్టం వాటిల్లింది. మొక్క బతికి ఉన్నా నీడ లేనందున తర్వాతి వేసవిని తట్టుకోవడం కష్టం. గిరిజన రైతుకు ఇది ఒక సంవత్సరపు నష్టం కాదు, అనేక సంవత్సరాల నష్టం.

సహాయమే, పరిహారం కాదు

పాత్రికేయులు, అధికారులు ముందుగా గమనించవలసిన అంశం పదప్రయోగానికి సంబంధించినది. వార్తలలో తరచుగా పంట నష్టపరిహారం అని వ్రాస్తుంటారు. నిబంధనల ప్రకారం ఇది పరిహారం కాదు, సహాయం మాత్రమే. పోయిన పంట విలువను లెక్కగట్టి చెల్లించడం ఈ విధానం ఉద్దేశం కాదు. తిరిగి విత్తనం, ఎరువు కొని మరొక పంట వేసుకోవడానికి రైతుకు చేయూతనివ్వడం దీని ఉద్దేశం. పెట్టుబడి రాయితీ అనే పేరు రావడానికి కారణం కూడా ఇదే. పంట విలువకు సంబంధించిన రక్షణ పంటల బీమా పరిధిలోకి వస్తుంది. 2016 ఖరీఫ్ నుండి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు చెల్లించే ప్రీమియం ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం, వార్షిక వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతంగా నిర్ణయించారు. బీమా, పెట్టుబడి రాయితీ రెండూ వేర్వేరు నిధుల నుండి, వేర్వేరు లెక్కల ప్రకారం వస్తాయి. ఒకదానిని మరొకదానిగా పేర్కొనడం వలన గ్రామాలలో అపోహలు ఏర్పడుతున్నాయి.

నిధి ఎక్కడి నుండి వస్తుంది

1990 నుండి అమలులో ఉన్న విపత్తు సహాయ నిధి స్థానంలో, 13వ ఆర్థిక సంఘం సిఫారసులను అనుసరించి 2010లో రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి ఏర్పాటైంది. దీనికి విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 48వ సెక్షను ఆధారం. ఆంధ్రప్రదేశ్ వంటి సాధారణ రాష్ట్రాలలో ఈ నిధికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ఈ నిష్పత్తి 90:10. రాష్ట్ర నిధి చాలనంతటి తీవ్ర విపత్తు వచ్చినపుడు అదే చట్టంలోని 46వ సెక్షను క్రింద గల జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధి నుండి అదనపు సహాయం కోరవచ్చును.

అదనపు సహాయం కోరే క్రమం ఈ విధంగా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం శాఖలవారీగా నష్టాలను క్రోడీకరించి కేంద్రానికి వినతిపత్రం సమర్పిస్తుంది. వివిధ మంత్రిత్వ శాఖల అధికారులతో కూడిన కేంద్ర బృందం క్షేత్ర పర్యటన జరిపి నివేదిక ఇస్తుంది. జాతీయ కార్యనిర్వాహక సంఘం ఉపసంఘం పరిశీలన తర్వాత ఉన్నత స్థాయి సంఘం తుది మొత్తాన్ని ఆమోదిస్తుంది. వినతిపత్రం కోసం వేచి ఉండకుండా తీవ్ర విపత్తు వచ్చిన వెంటనే కేంద్ర బృందం పర్యటించే ఏర్పాటును 2019లో ప్రవేశపెట్టారు. రాష్ట్రం అడిగిన మొత్తానికి, ఆమోదం పొందిన మొత్తానికి మధ్య అంతరం ఉండటానికి ముఖ్య కారణం ఏమంటే, రాష్ట్రం చూపేది మొత్తం నష్టం విలువ కాగా కేంద్రం లెక్కించేది నిర్ణీత ప్రమాణాల ప్రకారం ఇవ్వదగిన సహాయం మాత్రమే.

ప్రమాణాలు మారిన తీరు

పంట నష్టానికి హెక్టారుకు ఇంత అని కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ప్రమాణాలు నిర్దేశిస్తుంది. గ్రామాలలో భూమిని ఎకరాలలో లెక్కిస్తారు గనుక ఎకరాకు సమానమైన సుమారు మొత్తాన్ని కూడా ఈ దిగువ ఇవ్వడమైనది.

2013 నవంబరు 28 నాటి ప్రమాణాలు: వర్షాధార పంటలకు హెక్టారుకు రూ.4,500 (ఎకరాకు సుమారు రూ.1,820), నీటి వసతి గల పంటలకు రూ.9,000 (రూ.3,640), బహువార్షిక పంటలకు రూ.12,000 (రూ.4,860). పంట నష్టం 50 శాతం, ఆపైన ఉంటేనే అర్హత.

2015 ఏప్రిల్ 8 నాటి ప్రమాణాలు: వర్షాధార పంటలకు రూ.6,800 (రూ.2,750), నీటి వసతి గల పంటలకు రూ.13,500 (రూ.5,460), బహువార్షిక పంటలకు రూ.18,000 (రూ.7,280). అర్హతకు కావలసిన నష్టం 33 శాతానికి తగ్గింపు.

2022 అక్టోబరు 10న 2025-26 వరకు వర్తించేలా జారీ అయిన ప్రమాణాలు: వర్షాధార పంటలకు రూ.8,500 (రూ.3,440), నీటి వసతి గల పంటలకు రూ.17,000 (రూ.6,880), బహువార్షిక పంటలకు రూ.22,500 (రూ.9,100). అర్హత 33 శాతం. ఒక రైతుకు గరిష్ఠంగా 2 హెక్టార్ల వరకు.

ఈ తేదీలలో విశాఖ రైతుకు సంబంధించిన ఒక ముఖ్య విషయం ఇమిడి ఉన్నది. 2015 ప్రమాణాలు ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుండి వర్తించాయి. హుద్‌హుద్ దానికి ఆరు నెలల ముందే వచ్చింది. అందువల్ల కేంద్ర ప్రమాణాల లెక్కలో హుద్‌హుద్ బాధితులు పాత రేట్ల కిందికి, పాత 50 శాతం అర్హత కిందికి వచ్చారు. 40 శాతం పంట కోల్పోయిన రైతు 2014 అక్టోబరులో అనర్హుడు, 2015 అక్టోబరులో అర్హుడు. పొలం ఒకటే, గాలి ఒకటే అయినా ప్రమాణం మారితే ఫలితం మారుతుంది. కేంద్ర ప్రమాణాలకు మించి రాష్ట్రం తన సొంత నిధుల నుండి ఎక్కువ చెల్లించడానికి అవకాశం ఉన్నది. హుద్‌హుద్ సమయంలో రాష్ట్ర ప్రభుత్వం ఆ విధంగానే అధిక రేట్లను ప్రకటించింది.

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ. నీటి వసతి క్రింద ఒకటిన్నర ఎకరా, అంటే సుమారు 0.60 హెక్టారు వరి పూర్తిగా కోల్పోయిన రైతుకు 2013 ప్రమాణాల ప్రకారం రూ.5,400, 2015 ప్రమాణాల ప్రకారం రూ.8,100, 2022 ప్రమాణాల ప్రకారం రూ.10,200 లభిస్తుంది. నష్టం 33 శాతమైనా, నూరు శాతమైనా కేంద్ర ప్రమాణాలలో హెక్టారు రేటు ఒక్కటే. 32 శాతం వద్ద నమోదైన రైతుకు ఏమీ రాదు. కనుక పంట నష్టం శాతాన్ని నమోదు చేసే గ్రామస్థాయి ఉద్యోగి కలం చాలా బాధ్యతతో కూడినది.

నష్టం నమోదు ఎలా జరుగుతుంది

తుపాను అనంతరం జిల్లా కలెక్టరు ఆదేశాల మేరకు గ్రామ రెవెన్యూ అధికారి, వ్యవసాయ శాఖ ఉద్యోగి కలిసి సంయుక్తంగా పొలాలను పరిశీలిస్తారు. తోటల విషయంలో ఉద్యానశాఖ ఉద్యోగి పాల్గొంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, నష్టశాతం, సాగుదారు పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు నమోదు చేస్తారు. తహశీల్దారు, మండల వ్యవసాయాధికారి వాటిని సరిచూసిన తర్వాత ముసాయిదా జాబితాను గ్రామంలో అందరికీ కనిపించేలా ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరిస్తారు. తుది జాబితా జిల్లా స్థాయి నుండి వ్యవసాయ కమిషనరేటుకు, అక్కడి నుండి విపత్తు నిర్వహణ విభాగానికి చేరుతుంది. నిధులు 2245, అనగా ప్రకృతి వైపరీత్యాల సహాయ పద్దు క్రింద విడుదలై రైతుల ఖాతాలకు జమ అవుతాయి.

వ్రాతలో సరళంగా కనిపించే ఈ ప్రక్రియ హుద్‌హుద్ వంటి సందర్భంలో ఎంతో కఠినమైనది. చెట్లు కూలి గ్రామ రహదారులు మూసుకుపోయాయి. ఫోన్లు పనిచేయలేదు. విద్యుత్తు లేక కంప్యూటర్లు, బ్యాంకులు, ఎ.టి.ఎం.లు నిలిచిపోయాయి. పొలం పరిశీలించవలసిన ఉద్యోగులలో అనేకుల సొంత ఇళ్లు కూడా దెబ్బతిన్నాయి. మరొకవైపు ఆలస్యమైన కొద్దీ సాక్ష్యం చెరిగిపోతుంది. రైతు పడిపోయిన పైరును కోసి పశువులకు వేస్తాడు, లేదా దున్ని రబీకి సిద్ధం చేస్తాడు. పరిశీలకులు వచ్చే వరకు పొలాన్ని అలాగే ఉంచితే తర్వాతి పంట అదును తప్పుతుంది. అదును కోసం దున్నివేస్తే నష్టానికి ఆనవాలు ఉండదు.

ఈ చిక్కును తగ్గించేందుకు తర్వాతి సంవత్సరాలలో రాష్ట్రంలో ఈ-పంట నమోదు విధానం విస్తరించింది. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారన్నది విపత్తుకు ముందే నమోదై ఉంటే, విపత్తు తర్వాత నష్టశాతం మాత్రమే చూడవలసి ఉంటుంది. 2020 మే 30న ప్రారంభమై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చిన రైతు భరోసా కేంద్రాలు జాబితాల ప్రదర్శనకు, అభ్యంతరాల స్వీకరణకు గ్రామంలోనే వేదిక కల్పించాయి. 2020 నవంబరు చివరి వారంలో వచ్చిన నివర్ తుపాను వల్ల నష్టపోయిన రైతులకు అదే సంవత్సరం డిసెంబరు 29న పెట్టుబడి రాయితీ విడుదల కావడం త్వరిత చెల్లింపునకు ఒక ఉదాహరణ. రబీ విత్తనం వేసే నాటికి చేతికందిన వెయ్యి రూపాయలు, సంవత్సరం తర్వాత వచ్చిన రెండు వేలకంటె రైతుకు ఎక్కువ మేలు చేస్తాయి.

పట్టా ఒకరిది, సాగు మరొకరిది

పెట్టుబడి రాయితీ అమలులో అత్యంత క్లిష్టమైన సమస్య కౌలు రైతులకు సంబంధించినది. పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా జాబితా తయారైతే, ఉద్యోగరీత్యా నగరంలో నివసిస్తున్న భూయజమాని ఖాతాలో సొమ్ము జమ అవుతుంది. విత్తనం కొన్నవాడు, అప్పు తెచ్చినవాడు, మోకాలి లోతు నీటిలో నిలబడి పైరు లేపిన వాడు జాబితాలో కనిపించడు. పరిశ్రమల విస్తరణతో భూమి విలువ పెరిగిన విశాఖ పరిసర మండలాలలో ఈ సమస్య మరింత తీవ్రం. కౌలు విషయం కాగితంపైకి ఎక్కితే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయంతో యజమానులు వ్రాతపూర్వక ఒప్పందానికి వెనుకాడుతుంటారు.

దీనికి పరిష్కారంగా ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం 2011లో వచ్చింది. ఆ చట్టం క్రింద ఇచ్చిన రుణ అర్హత కార్డులు పొందిన కౌలుదారు పంట రుణానికి, పెట్టుబడి రాయితీకి, బీమాకు అర్హుడు. భూమి యాజమాన్య హక్కుకు దాని వలన భంగం ఉండదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం 11 నెలల కాలానికి ఒప్పందం చేసుకుని సాగుదారు హక్కు పత్రం పొందవచ్చును. అయితే ఇందుకు యజమాని సంతకం అవసరం. సంతకం లభించని చోట కౌలు రైతు తిరిగి జాబితా వెలుపలనే మిగిలిపోతాడు. ఈ-పంటలో వాస్తవ సాగుదారు పేరు నమోదైతే ఈ లోటు కొంతమేరకు తీరుతుంది. కావున పంట వేసిన వెంటనే నమోదు చేయించుకోవడం, నమోదు రసీదును భద్రపరచుకోవడం కౌలు రైతుకు తుపాను హెచ్చరికను వినడమంత అవసరం.

ఏజెన్సీ ప్రాంతంలో సమస్య రూపం వేరు. అక్కడ కాఫీ తోటలలో అధిక భాగం గిరిజన కుటుంబాల చేతిలోనే ఉన్నప్పటికీ పోడు భూమికి పత్రం లేని సందర్భాలు ఉండేవి. అటవీ హక్కుల చట్టం, 2006 క్రింద హక్కు పత్రం పొందిన కుటుంబం పేరు రికార్డులో ఉంటుంది, పొందని కుటుంబం పేరు ఉండదు. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు వద్ద గల లబ్ధిదారుల వివరాలు ఇటువంటి సమయంలో రెవెన్యూ రికార్డుకు తోడ్పడతాయి. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వెనుక, గాలివానకు కూలిన నీడచెట్ల స్థానంలో మళ్లీ మొక్కలు నాటి పెంచిన కుటుంబాల శ్రమ ఉన్నది.

పశువులు, కోళ్లు

పశుపోషకులకు కూడా సహాయ ప్రమాణాలు ఉన్నాయి. పాడి గేదె లేదా ఆవు మరణిస్తే 2013 ప్రమాణాలలో రూ.16,400గా ఉన్న సహాయం 2015లో రూ.30,000, 2022లో రూ.37,500 అయింది. 2022 ప్రమాణాలలో గొర్రె, మేకలకు రూ.4,000, దుక్కి ఎద్దుకు రూ.32,000, దూడకు రూ.20,000 చొప్పున నిర్ణయించారు. ఒక కుటుంబానికి పెద్ద పాడి పశువులు 3, గొర్రెలు, మేకలైతే 30 వరకు సహాయం పరిమితం. కోళ్లకు ఒక్కొక్కదానికి రూ.100 చొప్పున కుటుంబానికి రూ.10,000 మించకుండా ఇస్తారు.

పశువు మరణాన్ని నిర్దేశిత అధికారి ధ్రువీకరించాలి. కళేబరం ఉన్నపుడు పశువైద్యుని పరీక్ష, పంచనామా సాధ్యమవుతాయి. వరదలో కొట్టుకుపోయిన పశువు విషయంలో అది అక్కడ ఉండేదన్న రుజువే ప్రశ్నార్థకమవుతుంది. పాల సంఘంలో పాలు పోసిన పుస్తకం, పశువు చెవిపోగు సంఖ్య, బీమా పత్రం వంటివి అప్పుడు అక్కరకు వస్తాయి. తుపాను హెచ్చరిక వెలువడగానే పశువుల పలుపులు విప్పి మెరక ప్రాంతాలకు తరలించాలన్న సూచన ప్రతిసారీ ఇవ్వడం జరుగుతుంది. కట్టువిప్పిన పశువు బతికే అవకాశం ఎక్కువ.

ఇతర తుపానుల పాఠాలు

2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. చెట్టు కోల్పోయిన రైతుకు హెక్టారు లెక్క సరిపోదన్న వాదన అప్పుడు బలపడింది. రాష్ట్రం కొబ్బరికి చెట్టు లెక్కన సహాయం చెల్లించింది. తొలుత చెట్టుకు రూ.1,500గా ఉన్న సహాయాన్ని రూ.3,000కు, జీడిమామిడికి హెక్టారుకు రూ.30,000గా ఉన్న దానిని రూ.50,000కు పెంచుతూ 2019లో నిర్ణయం వెలువడింది. 2024 సెప్టెంబరు నాటి కృష్ణా, బుడమేరు వరదల సమయంలో రాష్ట్ర ప్రభుత్వం వరికి హెక్టారుకు రూ.25,000 ప్రకటించింది. అప్పటి కేంద్ర ప్రమాణమైన రూ.17,000తో పోలిస్తే వ్యత్యాసాన్ని రాష్ట్ర ఖజానా భరించవలసి ఉంటుంది. ముందు ఉదహరించిన ఒకటిన్నర ఎకరా రైతుకు ఈ రేటున రూ.15,000 వస్తుంది.

విదేశాలలో ఇదే సమస్యను మరొక రీతిలో పరిష్కరించే ప్రయత్నం జరిగింది. అమెరికాలో కౌంటీ స్థాయి వ్యవసాయ సేవా కార్యాలయాల ద్వారా అమలయ్యే పశు నష్ట సహాయ పథకం, ప్రతికూల వాతావరణం వల్ల చనిపోయిన పశువు సగటు మార్కెట్ విలువలో 75 శాతం చెల్లిస్తుంది. తోటలు కోల్పోయిన వారికి తిరిగి నాటే ఖర్చులో కొంత భాగం ఇచ్చే ప్రత్యేక పథకం ఉన్నది. అక్కడ విలువ ఆధారంగా, ఇక్కడ నిర్ణీత మొత్తంగా చెల్లింపు జరుగుతుంది. నిర్ణీత మొత్తం పద్ధతిలో లెక్క త్వరగా తేలుతుంది, లక్షలాది చిన్న కమతాలకు వర్తింపజేయడం సులువు. కాని ధరలు పెరిగినా ప్రమాణం సవరించేంత వరకు అదే మొత్తం కొనసాగుతుంది.

రుణాల రీషెడ్యూలు

పెట్టుబడి రాయితీతో పాటు పంట రుణాల కాలపరిమితి పెంపు రైతుకు లభించే రెండవ ఊరట. 2018లో భారతీయ రిజర్వు బ్యాంకు జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం పంట నష్టం 33 నుండి 50 శాతం మధ్య ఉంటే గరిష్ఠంగా 2 సంవత్సరాలు, 50 శాతం మించితే గరిష్ఠంగా 5 సంవత్సరాల వరకు తిరిగి చెల్లింపు గడువు పొడిగించవచ్చును. ఇక్కడ కూడా నష్టశాతమే ప్రాతిపదిక. గ్రామస్థాయిలో ఒక్కసారి నమోదైన అంకె సహాయాన్ని, రుణ గడువును రెండింటినీ నిర్ణయిస్తుంది.

పరిశీలించదగిన అంశాలు

పెట్టుబడి రాయితీపై వార్త వ్రాసే పాత్రికేయులు, సమీక్షించే అధికారులు ఈ క్రింది అంశాలను సరిచూసుకొనుట మంచిది.

1. ప్రకటించిన మొత్తం అంచనా నష్టమా, కోరిన సహాయమా, ఆమోదించిన సహాయమా, రైతుల ఖాతాలకు జమ అయిన మొత్తమా అన్నది స్పష్టం చేయాలి. ఈ నాలుగు అంకెలు ఎన్నడూ ఒకటి కావు.

2. రేటు హెక్టారుకా, ఎకరాకా, చెట్టుకా అన్నది తప్పక పేర్కొనాలి.

3. విపత్తు జరిగిన తేదీన అమలులో ఉన్న ప్రమాణాలే వర్తిస్తాయి. తర్వాత సవరించిన రేట్లతో పోల్చి రైతుకు తక్కువ చెల్లించారని గాని, ఎక్కువ చెల్లించారని గాని నిర్ణయించరాదు.

4. ముసాయిదా జాబితా గ్రామంలో ప్రదర్శించారా, అభ్యంతరాలకు గడువు ఇచ్చారా, కౌలుదారుల పేర్లు ఎన్ని ఉన్నాయి అన్నవి జాబితా నాణ్యతను తెలిపే ప్రశ్నలు.

5. ఖాతా నంబరు, ఆధార్ సరిపోలక తిరిగి వచ్చిన చెల్లింపుల సంఖ్యను విడిగా అడిగి తెలుసుకోవాలి. మంజూరైన సొమ్ము రైతుకు చేరినట్లు అప్పుడే రూఢి అవుతుంది.

6. 2022 ఏప్రిల్‌కు ముందరి విశాఖపట్నం జిల్లా గణాంకాలను, తర్వాతి విశాఖపట్నం జిల్లా గణాంకాలతో నేరుగా పోల్చరాదు. పూర్వపు జిల్లాలోని మండలాలన్నింటి అంకెలను కలిపి చూసినపుడే పోలిక సరిపోతుంది.

హుద్‌హుద్ తర్వాత విశాఖ నగరంలో రోడ్ల ప్రక్కన చెట్లు మళ్లీ పెరిగాయి. విమానాశ్రయానికి కొత్త పైకప్పు వచ్చింది. పద్మనాభం, అచ్యుతాపురం, రాంబిల్లి వంటి మండలాలలో నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి మాత్రం ప్రకృతి తీసుకునే కాలం తీసుకున్నది. ఆ మధ్యకాలంలో రైతు కుటుంబం నిలదొక్కుకోవడానికే పెట్టుబడి రాయితీ ఉద్దేశించబడినది. అది సకాలంలో, సాగుచేసిన వారి చేతికే అందినపుడు మాత్రమే ఆ ఉద్దేశం నెరవేరుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏటా ఏర్పడుతూనే ఉంటాయి. పంట నమోదు, కౌలు పత్రం, సరైన బ్యాంకు ఖాతా అనే మూడు పనులు తుపాను రాకముందే పూర్తిచేసుకోవలసినవి.